పెళ్లి డీవీడీ కాపీ చేసేముందు ప్లస్సా మైనస్సా చూస్కోండి

ఇంట్లో పాత పెళ్లి డీవీడీలు ఉన్నోళ్లు కాపీ చేసేముందు ఇదొక్కటి చూడండి, కొనే ఖాళీ డిస్క్ మీద డీవీడీ మైనస్ ఆర్ అని ఉందా ప్లస్ ఆర్ అని ఉందా అని. చూడ్డానికి రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి, కవర్ మీద రెండిటికీ 4.7 జీబీ అనే వేస్తారు, కానీ ప్లస్‌లో ఓ 7 ఎంబీ తక్కువ పడుతుంది. మా అక్క పెళ్లి డిస్క్ మైనస్‌ది, అప్పగింతల దాకా అంచుల్నిండా నింపేశారు, గవర్నర్‌పేటలో కొనుక్కొచ్చిన ప్లస్ డిస్క్‌లో వేద్దామంటే చోటు చాలట్లేదని మొరాయించింది, మైనస్ తెచ్చాక హాయిగా పట్టేసింది.

మైనస్ 1997లో పయనీర్ తెచ్చింది, ప్లస్ 2002లో సోనీ, ఫిలిప్స్ ఉన్న గ్రూప్ తెచ్చింది. ఇప్పటి డీవీడీ రైటర్లు రెండూ రాస్తాయి గానీ అమ్మమ్మ వాళ్లింట్లో ఉండే పాత ప్లేయర్లకి మైనసే నయం. ప్లస్సే దొరికితే, రాసేటప్పుడు సాఫ్ట్‌వేర్‌లో బుక్ టైప్ అనే సెట్టింగ్ ఉంటే డీవీడీ రామ్ కాదు, రోమ్ అని పెట్టండి, ప్లేయర్ దాన్ని మామూలు సినిమా డిస్క్ అనుకుని ఆడేస్తుంది. ఏదైనా సరే చివర్లో ఫైనలైజ్ చేయడం, అంటే రాయడం అయిపోయిందని డిస్క్‌ని మూసేయడం, మాత్రం మర్చిపోవద్దు, లేకపోతే మీ కంప్యూటర్లో ఆడినా టీవీ దగ్గర ఆడకపోవచ్చు.

ఆర్‌డబ్ల్యూ డిస్కులు ఎవరైనా చెరిపేయొచ్చు కాబట్టి పెళ్లి వీడియోలకి వద్దు. ఇంకోటి, మన బెజవాడ ఎండలకి కిటికీ పక్కన అస్సలు పెట్టకండి, లోపల రంగు పొర పాడైపోద్ది.