పాప పాల మీద అలిగిన మూడున్నర రోజులు

మా పాపకి ఏడో నెల నడుస్తోంది. కింద రెండు పళ్ళు అప్పుడే తోసుకొచ్చాయి. ఒక సోమవారం సాయంత్రం పాలు తాగుతూ తాగుతూ కటుక్కున కొరికింది. నేను "అబ్బా!" అని అరిచిన అరుపుకి పక్క గదిలోంచి మా ఆయన పరిగెత్తుకొచ్చారు. పాప ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. కింది పెదవి ముందుకొచ్చింది. ఇక ఏడుపే ఏడుపు. ఆ రాత్రి పాలకు పట్టుకోబోతే ఒళ్ళు విల్లులా వంచేసి, మొహం తిప్పుకుని, చేత్తో తోసేసింది. మొన్నటిదాకా నా వాసన తగిలితే చాలు ఎగబడే పిల్ల, ఇప్పుడు నన్ను చూస్తేనే భయపడుతోంది. ఆ రాత్రి నేను ఏడ్చినంత అది కూడా ఏడ్చి ఉండదు.

మర్నాడు పొద్దున్నే అమ్మకి ఫోన్ చేస్తే "పోనీలేవే, అదే మానేసింది, ఇంక వదిలెయ్" అంది. అమ్మ మాటకి ఎదురు చెప్పడం కాదుగానీ, అది మానడం కాదు. ఏడాది లోపు పిల్లలు తమంతట తామే పాలు మానడం చాలా అరుదు. మానే పిల్లలు కూడా వారాల తరబడి ఒక్కో పూట తగ్గించుకుంటూ, సంతోషంగానే మానతారు. నిన్నటిదాకా బాగా తాగి ఇవాళ ఒక్కసారిగా ఏడుస్తూ వద్దంటున్నారంటే అది అలక. వెనకాల ఏదో కారణం ఉంటుంది. చాలామందిలో రెండు నుంచి నాలుగు రోజుల్లో తీరిపోతుంది, కొందరికి వారం పైన కూడా పడుతుంది.

ఒక్క మాట. పుట్టి కొన్ని వారాలే అయిన పసిగుడ్డు పాలు తాగకపోతే దాన్ని అలక అనుకుని ఇంట్లో కూర్చోకండి. అదే రోజు డాక్టర్‌కి చూపించాలి.

మా కారణం నాకు తెలిసిపోయింది, నా అరుపే. అయినా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను, మంచిదే అయింది. ముక్కు కూడా కాస్త దిబ్బడగా ఉందట, నేను గమనించలేదు. ముక్కు మూసుకుపోతే పాలు తాగుతూ ఊపిరి తీసుకోవడం పిల్లలకి కష్టం. పాలకు ముందు ముక్కులో సెలైన్ చుక్కలు వేయమన్నారు. మీరు కూడా నోరు తెరిపించి చూడండి: నాలుక మీద, బుగ్గల లోపల తెల్లటి పూత తుడిచినా పోకుండా ఉంటే అది థ్రష్, అంటే నోట్లో వచ్చే ఫంగస్ ఇన్ఫెక్షన్ కావచ్చు. పడుకోబెట్టి పాలిస్తేనే ఏడ్చి, నిటారుగా పట్టుకుంటే తాగుతుంటే చెవి నొప్పేమో చూపించాలి. టీకా వేయించిన తొడ మీకు ఒత్తుకుంటున్నా కూడా అలా గింజుకుంటారు. తల్లి వైపు కారణాలూ ఉంటాయి. కొత్త సబ్బు, కొత్త సెంటు మార్చినా పిల్లలు కొందరు ఒప్పుకోరు, వాళ్ళు మనల్ని గుర్తుపట్టేదే వాసనతో కదా. రొమ్ములో ఇన్ఫెక్షన్ వస్తే పాలు కాస్త ఉప్పగా మారతాయి. నెలసరి మళ్ళీ మొదలైనప్పుడు పాలు కొంచెం తగ్గొచ్చు. బాటిల్ బాగా అలవాటైతే నోట్లో పెట్టగానే పాలు వచ్చేయాలనుకుంటారు, రొమ్ము దగ్గర ఆ కాసేపు ఆగే ఓపిక ఉండదు. ఎంత వెతికినా కారణం దొరకని తల్లులూ ఉన్నారు. దొరకకపోయినా చేయాల్సింది మాత్రం ఇక ముందు చెప్పేదే.

మొదటి రోజు నేను చేసిన తప్పు చెప్తాను. "ఆకలేస్తే అదే తాగుతుంది" అని ఎవరో అంటే మూడు గంటలు ఏమీ పట్టకుండా ఉంచి, తర్వాత తల వెనక చెయ్యి పెట్టి రొమ్ముకి అదిమాను. పాప గుక్కపట్టి ఏడ్చింది. ఆకలి దంచేస్తున్న పిల్లకి ఓపిక ఉండదు, నేర్చుకునే తీరికా ఉండదు. తల నొక్కితే ఇంకా వెనక్కే తోస్తుంది. రొమ్ము దగ్గర కుస్తీ జరిగిందన్న సంగతి మాత్రం బాగా గుర్తుపెట్టుకుంటుంది. ఆ రెండు పనులూ చేయకండి.

ముందు కడుపు నింపాలి. పిండిన పాలు చిన్న కప్పుతోనో చెంచాతోనో పట్టాను. ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టి, కప్పు అంచు కింది పెదవికి ఆనించి, పాలు పెదవికి తగిలేంత మాత్రమే వంచాలి. నోట్లో పోయకూడదు, వాళ్ళే నాలుకతో అందుకుంటారు. మొదటిసారి సగం పాలు నా చీర మీదే పోయాయి, మూడోసారికి చేయి తిరిగింది. బాటిల్ తప్పదనుకుంటే నెమ్మదిగా వచ్చే నిపుల్ పెట్టి, బాటిల్‌ని దాదాపు అడ్డంగా పట్టుకుని, మధ్యమధ్యలో ఆపుతూ పట్టండి. నెల దాటి ఆరు నెలల లోపు ఉన్న పిల్లలైతే రోజు మొత్తంలో సుమారు 750 మిల్లీలీటర్ల పాలు తాగుతారు, పూటపూటకీ తేడా ఉంటుంది. ఆ వయసులో మంచినీళ్ళు పట్టి సరిపెట్టకూడదు. మా పాపకి ఆహారం మొదలైంది కాబట్టి కాస్త ధైర్యంగా ఉన్నాను. అయినా ఏడాది వరకూ ప్రధానం పాలే.

కొలతలకన్నా నాకు ధైర్యం ఇచ్చింది డైపర్లు. ఇరవై నాలుగు గంటల్లో ఆరు దాకా బాగా తడిసినవి ఉంటే పిల్లకి నీరు సరిపడా అందుతోందని లెక్క. మంగళవారం నాలుగే వచ్చాయి, ఆ రాత్రి లేచి లేచి చెంచాతో పట్టాను. ఉచ్చ ముదురు రంగులో వస్తున్నా, నోరు ఎండినట్టున్నా, ఏడ్చినా కన్నీళ్ళు రాకపోయినా, నడినెత్తిన మాడు లోపలికి దిగినా, లేపినా లేవకుండా తూగుతున్నా ఇక ఇంట్లో ఆగొద్దు. మూడు నెలల లోపు పిల్లకి జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ ఉన్నా వెంటనే వెళ్ళాల్సిందే.

రెండోది, మన పాలు నిలబెట్టుకోవాలి. పిల్ల ఎన్నిసార్లు తాగేదో అన్నిసార్లూ పిండాలి. మా పాప రోజుకి ఏడుసార్లు తాగేది, నేనూ ఏడుసార్లు. ఇంకా చిన్న పిల్లలైతే ఎనిమిదిసార్లకి తగ్గకూడదు. పిండకుండా వదిలేస్తే రొమ్ములు గట్టిపడి గడ్డలు కడతాయి, పాలూ తగ్గిపోతాయి. మంగళవారం పొద్దున్న పంప్ పెడితే 40 మిల్లీలీటర్లు వచ్చాయి. మనసు గిలగిల్లాడుతుంటే పాలు చేపుకు రావు, పాలు లేక కాదు. వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ రెండు నిమిషాలు కాపడం పెట్టి, పాప విప్పిన చొక్కా మొహం దగ్గర పెట్టుకుని పిండితే అదే రొమ్ములోంచి 90 వచ్చాయి. చేత్తో పిండేవాళ్ళు చనుమొనని పట్టి లాగకండి. నల్లటి వలయం అంచుకి కాస్త వెనకగా బొటనవేలు పైన, చూపుడువేలు కింద పెట్టి, ముందు ఛాతీ వైపు నొక్కి, తర్వాత రెండు వేళ్ళూ దగ్గరకి తేవాలి. పిండిన పాలు 25 డిగ్రీలు మించని గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి. మైక్రోవేవ్‌లో పెట్టకండి, వేడినీళ్ళ గిన్నెలో ఉంచితే చాలు.

ఇక అలక తీర్చడం. బుధవారం నుంచి పాలు తాగమని అడగడం మానేశాను. జాకెట్టు విప్పేసి, పాపని డైపర్ మీదే నా ఛాతీ మీద పడుకోబెట్టుకునేదాన్ని. ఇద్దరి మీదా ఒక దుప్పటి. కావాలంటే తాగుతుంది, లేకపోతే ఆడుకుంటుంది. మొదట నా మెడ గిల్లింది, గొలుసు లాగింది, చనుమొనని వేలితో పొడిచి నవ్వింది. నవ్వినప్పుడు నాకు సగం టెన్షన్ దిగిపోయింది. కలిసి గోరువెచ్చని నీళ్ళలో స్నానం చేశాం. గదిలో లైటు తగ్గించి, ఎత్తుకుని అటూ ఇటూ నడుస్తూ ఇచ్చి చూశాను, కూర్చుంటే ఒప్పుకోని పిల్లలు నడుస్తుంటే ఒప్పుకుంటారు. ముందే కొంచెం పిండి, పాలు చేపుకొచ్చాక రెండు చుక్కలు పెదవికి రాసేదాన్ని. నాకేసింది, అంతే. వద్దంటే వెంటనే తీసేసేదాన్ని. మళ్ళీ రెండు గంటల దాకా ఆ ఊసే లేదు. ఆ రెండు గంటలూ మా ఆయన పాపని ఎత్తుకుంటే నేను పడుకున్నాను. తల్లికి నిద్ర లేకపోతే ఇవేవీ నిలబడవు.

గురువారం రాత్రి దాటాక, శుక్రవారం తెల్లవారుజామున నాలుగింటికి పాప నిద్రలోనే నోరు కదుపుతోంది. నాకు తెలిసి అన్నిటికన్నా పనికొచ్చేది ఈ మగత సమయమే. పూర్తిగా మెలకువ వస్తే అలక గుర్తొస్తుంది. లైటు వేయకుండా పక్కకి తిరిగి దగ్గరకి జరిగాను. మూతి అటూ ఇటూ రుద్ది, పట్టుకుంది. పది నిమిషాలు తాగింది. ఊపిరి బిగబట్టి పడుకున్నాను, చెయ్యి తిమ్మిరెక్కినా కదపలేదు. పొద్దున మెలకువలో మళ్ళీ వద్దంది, మధ్యాహ్నం కునుకులో తాగింది. శనివారానికి పగలూ తాగడం మొదలుపెట్టింది. అంటే ఒక్కసారి తాగగానే పంప్ కట్టేసి అటక మీద పెట్టేయకండి, ఇంకో రెండు రోజులు చేతిలోనే ఉండనివ్వండి.

కొరకడం సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మళ్ళీ మొదటికే వస్తుంది. గట్టిగా చప్పరిస్తున్నంతసేపు పిల్లలు కొరకలేరు, నాలుక కింది పళ్ళ మీద ఉంటుంది. కడుపు నిండి, పట్టు వదులై, ఆటలో పడ్డాకే కొరుకుతారు. దవడ బిగుసుకోవడం కనిపించగానే నోటి మూలలోంచి చిటికెన వేలు దూర్చి పట్టు విడిపిస్తున్నాను. అప్పటికే కొరికేస్తే వెనక్కి లాగకుండా ఇంకా దగ్గరకి అదుముకుంటే నోరు అదే తెరుస్తుంది. అరవకుండా ఉండటానికి మాత్రం దిండు అంచు పళ్ళ కింద పెట్టుకోవడం ప్రాక్టీస్ చేశాను.

కొరికింది కుడివైపు. ఎడమ వైపు శుక్రవారమే ఒప్పుకున్నా, కుడివైపు పెడితే ఆదివారం దాకా నా మొహం వంక అనుమానంగా చూసి, చూసి, అప్పుడు నోరు తెరిచేది.