పాప్-పంక్ మీద చిరాకా? ముందు ఒక ఇయర్‌ఫోన్ తీసెయ్యండి

పాప్-పంక్ అంటే పంక్ రాక్ వేగానికి పాప్ ట్యూన్లు కలిపిన సంగీతం. ఆ ప్లేలిస్ట్‌లో మూడో పాటకే నీరసం వచ్చేస్తుంది. అదే గోడలాంటి గిటార్, ముక్కుతో పాడే అదే గొంతు, నన్ను వదిలేశావు, ఈ ఊరంటే అసహ్యం, నన్నెవరూ అర్థం చేసుకోరు అనే అదే గోల. పాడేవాడికి నలభై దగ్గరపడుతున్నా బాధలు మాత్రం స్కూలు వదిలిన సాయంత్రం దగ్గరే ఆగిపోయి ఉంటాయి. పోనీ పాట ఆపేద్దామంటే వినేవాళ్లు ఊరుకోరు, అసలు పంక్ అంటే ఇదేనని మనకే పాఠం చెబుతారు. అక్కడ ఒళ్లు మండుతుంది.

ఆ మంటతో నేను ఓ పదేళ్లు గడిపాను కాబట్టి అనుభవం మీద చెబుతున్నాను. పాప్-పంక్‌ని ఎలా ఇష్టపడాలో ఇక్కడ చెప్పను. ఇష్టం లేకపోతే వినకండి, ఎవరికీ నష్టం లేదు. ఆ చిరాకు ఎక్కణ్నుంచి వస్తోందో పట్టుకుని, దాన్ని కాస్త పనికొచ్చేలా ఎలా వాడుకోవాలో మాత్రం చెబుతాను.

ముందు కాగితం మధ్యలో గీత గీయండి

ఎడమవైపు పాటలో నచ్చనివి రాయండి, కుడివైపు ఆ పాట వినేవాళ్లలో నచ్చనివి. సినిమా కష్టాలేం అక్కర్లేదు, పది నిమిషాల పని. నేను రాసినప్పుడు మనుషుల వైపు పేజీ నిండిపోయింది, పాట వైపు మూడే లైన్లు వచ్చాయి. పదేళ్లుగా సంగీతం గురించి పోట్లాడుతున్నాననుకున్నవాణ్ని, తీరా చూస్తే పోట్లాట మొత్తం మనుషులతోనే అని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు మనుషుల జాబితా మళ్లీ చదివి, నిజంగా మీకు ఏదైనా ఇబ్బంది కలిగించినవి మాత్రం ఉంచి మిగతావి కొట్టేయండి. బ్యాండ్ పేరున్న టీషర్ట్ వేసుకుని ఆ బ్యాండ్ వినకపోవడం మీకేం ఇబ్బంది? కొట్టేయండి. పంక్ 1994లో పుట్టిందనుకోవడం? అమాయకత్వం, కొట్టేయండి. షోలో అసలు బ్యాండ్‌కి ముందొచ్చే ఓపెనింగ్ బ్యాండ్ వాయిస్తున్నంతసేపూ మీ చెవి పక్కనే కబుర్లు చెప్పుకుని, చివర్లో హిట్ పాటకి మాత్రం ఫోన్లు పైకెత్తి మీకు స్టేజి కనబడకుండా చేయడం? అది ఉంచండి. అది నిజమైన కోపమే. నా జాబితాలో చివరికి మిగిలింది ఆ ఒక్కటే.

తర్వాత చెవులకి పని పెట్టండి

"అన్నీ ఒకేలా ఉంటాయి" అని అందరం అంటాం. ఎందుకు ఒకేలా ఉన్నాయో చెప్పమంటే నీళ్లు నములుతాం. కారణాలు వినిపిస్తాయి, వెతికితే.

2000 ప్రాంతపు ఏదైనా పాప్-పంక్ హిట్ పెట్టి కుడి ఇయర్‌ఫోన్ తీసేయండి. కోరస్ (పల్లవి) రాగానే ఎడమది తీసి కుడిది పెట్టండి. రెండు వైపులా దాదాపు ఒకే గిటార్ వినిపిస్తుంది. ఒకే భాగాన్ని రెండుసార్లు వాయించి, ఒకటి ఈ చివర, ఒకటి ఆ చివర పెడతారు, అందుకే గోడ కట్టినట్టు ఉంటుంది. వెర్స్‌లో (చరణంలో) కుడి అరచేతి అంచు తీగల మీద ఆనించి టకటకమని వాయించడం, కోరస్‌లో చెయ్యెత్తి మొత్తం వదిలేయడం, ఇదే ఎత్తుపల్లం ప్రతి పాటలోనూ ఉంటుంది. కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) చూస్తే సి, జి, ఎ మైనర్, ఎఫ్, లేదా ఇదే వరుస ఇంకో శ్రుతిలో. ఈ నాలుగూ పంక్ సొత్తు కాదు, పాప్‌లో వందల పాటలు వీటి మీదే నడుస్తాయి, కాబట్టి వాటిని తిట్టి లాభం లేదు.

ఇప్పుడు తొలితరం పంక్ బ్యాండ్ రామోన్స్ వాళ్ల 1976 నాటి మొదటి ఆల్బమ్ పెట్టి ఇదే పని చేయండి. దాదాపు 6,400 డాలర్లతో రికార్డు చేసిన ఆల్బమ్ అది. పద్నాలుగు పాటలు, అన్నీ కలిపి అరగంట కూడా లేవు. అందులో గిటార్ ఒక చెవిలో, అడుగున లోతుగా మోగే బేస్ ఇంకో చెవిలో ఉంటాయి. ఒక ఇయర్‌ఫోన్ తీస్తే గిటార్ దాదాపు మాయమైపోతుంది. నాకు మొదటిసారి ఇది తెలిసినప్పుడు ఇయర్‌ఫోన్ చెడిపోయిందనుకుని వైరు అటూ ఇటూ తిప్పాను.

ఇంకో పని కూడా చేయొచ్చు, ఆడాసిటీ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌లో ఆ హిట్టూ, రామోన్స్ పాట ఒకటీ తెరిచి ధ్వని తరంగం ఆకారం చూడండి. పాతదాంట్లో ఎత్తులూ పల్లాలూ కనిపిస్తాయి. కొత్తదాంట్లో మొదటి నుంచి చివరిదాకా ఇటుకలా నిండుగా ఉంటుంది, ఎందుకంటే మెల్లగా ఉండాల్సిన చోటుని కూడా గట్టిగా ఉన్న చోటు స్థాయికి లాగేశారు. మూడో పాటకే నీరసం వచ్చిందన్నాను చూశారా, అందులో సగం దీనివల్లే, చెవికి ఊపిరి పీల్చుకునే సందు దొరకదు.

ఒకేలా ఉండడానికి మనుషుల పేర్లు కూడా ఉన్నాయి. గ్రీన్ డే బ్యాండ్ 1994లో తెచ్చిన డూకీ ఆల్బమ్‌ని మిక్స్ చేసినవాళ్లలో జెర్రీ ఫిన్ ఉన్నాడు. 1999లో బ్లింక్-182ని ఆకాశానికెత్తిన ఎనిమా ఆఫ్ ద స్టేట్ ఆల్బమ్‌కి ప్రొడ్యూసర్ ఆయనే. 2001లో సమ్ 41ని హిట్ చేసిన ఆల్బమ్‌కీ ఆయనే. మంచి చెవి ఉన్న మనిషి, ఆ సౌండ్ అమ్ముడుపోయింది, మిగతా లేబుళ్లన్నీ (రికార్డు కంపెనీలు) మాకూ అదే కావాలన్నాయి. అసలు ఆల్బమ్‌లు ఇప్పటికీ బాగానే వినిపిస్తాయి, విసుగు పుట్టించేవి వాటి జిరాక్స్ కాపీలే. నేను చాలాకాలం ఈ రెంటినీ కలిపి తిట్టాను, ఆ తిట్లలో సగం వెనక్కి తీసుకుంటున్నాను.

మాటలు కాగితం మీద పెట్టి చూడండి

ఇది కాస్త ఇబ్బందిగా ఉంటుంది, అయినా చేయండి. మీకు బాగా చిరాకు తెప్పించే ఒక పాట, మీరు రహస్యంగా ఇష్టపడే ఒక పాట, రెండింటి సాహిత్యం రాసుకోండి. అందులో వచ్చే అమ్మాయికి పేరుందా, తనేమైనా మాట్లాడుతుందా, లేక వదిలేసి వెళ్లడానికే పుట్టిందా అని ఒక్కో లైను చూడండి. నా రహస్య పాట ఈ పరీక్షలో ఘోరంగా తప్పింది.

ఈ ఫిర్యాదు కొత్తది కాదు. జెస్సికా హాపర్ అనే విమర్శకురాలు 2003లోనే పంక్ ప్లానెట్ పత్రికలో ఎమో (మనసులో బాధంతా వెళ్లగక్కే పంక్ శాఖ) బ్యాండ్ల మీద ఇదే రాసింది, ఆ పాటల్లో అమ్మాయిలు మనుషుల్లా కాకుండా మగాడి బాధకి కారణంగా మాత్రమే కనిపిస్తున్నారని. పారామోర్ బ్యాండ్ గాయని హేలీ విలియమ్స్ అయితే తను టీనేజ్‌లో రాసి 2007లో పెద్ద హిట్టయిన పాటని, అందులో ఇంకో అమ్మాయిని తిట్టే మాట ఉందని 2018లో పక్కన పెట్టేసింది, 2022లో మళ్లీ పాడింది. తన పాటని తనే అలా తిప్పి చూసుకుందంటే మనం మనకిష్టమైనవాటిని చూసుకోవడానికేం?

పాతవన్నీ కడిగిన ముత్యాలని కూడా అనుకోకండి. డిసెండెంట్స్ బ్యాండ్ 1982 ఆల్బమ్ మైలో గోస్ టు కాలేజ్ నాకు ప్రాణం, పదిహేను పాటలు ఇరవై రెండు నిమిషాల్లో అయిపోతాయి, గాయకుడు మైలో బ్యాండ్ వదిలేసి కాలేజీకి పోతున్నాడని ఆల్బమ్ పేరే అలా పెట్టారు, తర్వాత ఆయన జీవశాస్త్రంలో డాక్టరేట్ కూడా చేశాడు. కానీ అందులో ఇవాళ పైకి పాడలేని మాటలున్నాయి. పాతది కాబట్టి మినహాయింపు, కొత్తది కాబట్టి కేసు అంటే కుదరదు.

వెనక్కి నడవండి, కానీ పరీక్షకి చదువుతున్నట్టు కాదు

నచ్చని పాటలో నచ్చినది ఒక్కటి పట్టుకోండి, అదే దారి. ట్యూన్ నచ్చిందా, మాంచెస్టర్ బ్యాండ్ బజ్‌కాక్స్‌కి వెళ్లండి. వాళ్ల మొదటి రికార్డు 1977 జనవరిలో సొంతంగా, మొదటి విడత వెయ్యి కాపీలు వేసుకున్నారు. ఆ బ్యాండ్‌లో పాటలు రాసిన పీట్ షెల్లీ ప్రేమపాటల్లో ప్రేమించేది అబ్బాయినా అమ్మాయినా అన్నది తేల్చేవాడు కాదు, కావాలనే అలా రాసేవాడు, వింటే ఎవరి పాట వాళ్లదైపోతుంది. అమ్మాయి గొంతు, అరుపు, అల్లరి కావాలంటే మఫ్స్ బ్యాండ్. దాని గాయని కిమ్ షాటక్ అరిస్తే పక్కగదిలోంచి కూడా గుర్తుపట్టొచ్చు. సరదా కావాలంటే ఒసాకాలో 1981లో మొదలైన షోనెన్ నైఫ్. బాధే కావాలి కానీ పెద్దవాళ్ల బాధ కావాలంటే జాబ్రేకర్.

జాబ్రేకర్ అనగానే "అమ్ముడుపోయారు" అనే మాట గురించి చెప్పాలి, మన కోపంలో పెద్ద ముక్క అది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో 924 గిల్మన్ అనే పంక్ షోల చోటు ఉంది. 1986 డిసెంబర్ 31న తెరిచారు, వాలంటీర్లు నడుపుతారు, ఏ వయసువాళ్లయినా రావచ్చు, మందు ఉండదు. పెద్ద లేబుల్‌తో సంతకం చేసిన బ్యాండ్‌కి అక్కడ స్టేజి లేదన్నది వాళ్ల నియమం. అక్కడే పెరిగిన గ్రీన్ డే పెద్ద లేబుల్‌కి వెళ్లగానే తలుపు మూసుకుంది, 2015లో ఒక సహాయ కార్యక్రమానికి మళ్లీ అక్కడ వాయించారు. జాబ్రేకర్ 1995లో పెద్ద లేబుల్‌లో ఆల్బమ్ తెస్తే ఫ్యాన్స్ మొహం తిప్పుకున్నారు, మరుసటి ఏడాదే బ్యాండ్ విడిపోయింది. చిత్రమేంటంటే ఆ ఆల్బమ్‌నే ఇప్పుడు చాలామంది నెత్తిన పెట్టుకుంటారు, 2017లో వాళ్లు తిరిగొస్తే పండగ చేసుకున్నారు.

మరోవైపు ఆఫ్‌స్ప్రింగ్ బ్యాండ్‌ని చూడండి. 1994లో ఎపిటాఫ్ లేబుల్ మీద స్మాష్ ఆల్బమ్ తెచ్చారు. ఆ లేబుల్ బ్యాడ్ రిలిజియన్ అనే పంక్ బ్యాండ్ గిటారిస్టుది, స్వతంత్రమైనది, అయినా ఆ ఆల్బమ్ ప్రపంచమంతా కలిపి కోటి కాపీలు దాటిపోయింది. మరి అది మెయిన్‌స్ట్రీమా కాదా? దీనికి జవాబు చెప్పలేనప్పుడు "మెయిన్‌స్ట్రీమ్" అన్న మాటని తిట్టులా వాడడం నేను మానేశాను. గిల్మన్ వాళ్ల నియమానికి మాత్రం ఇప్పటికీ దండం పెడతాను, అది చోటు కాపాడుకోవడానికి పెట్టుకున్న నియమం. మనం పెట్టేవి మనుషుల్ని బయట నిలబెట్టడానికి.

ఇక మనుషుల దగ్గరికి వద్దాం

మా పిన్ని కూతురు పదిహేనేళ్లప్పుడు గిటార్ నేర్చుకుంటూ ఒక పెద్ద పాప్-పంక్ హిట్ వాయించి చూపించింది. ఎఫ్ కార్డ్ దగ్గర వేలు సరిగ్గా ఆనక తీగ జుయ్యిమంటోంది, ప్రతిసారీ అక్కడ పాట ఆపి వేలు సర్దుకుని మళ్లీ మొదలుపెడుతోంది. అయిపోగానే "ఎలా ఉందన్నయ్యా?" అంది. నేను "ఇది పంక్ కాదు తెలుసా" అన్నాను. "ఓహో" అని గిటార్ కవర్‌లో పెట్టి జిప్ లాగింది. మళ్లీ ఏడాదిన్నర నా ముందు వాయించలేదు.

అందుకని ఈ కింది మూడూ నాకు నేను పెట్టుకున్నవి, మీరూ వాడుకోవచ్చు.

ఎవరైనా ఒక బ్యాండ్ ఇష్టమంటే మూడు పాటల పేర్లు చెప్పమని అడగొద్దు. ఏ పాట అని ఒక్కటి అడగండి, వాళ్లు చెప్పేది పూర్తిగా వినండి.

పాట పంపాలనిపిస్తే ఒక్కటే పంపండి, చరిత్ర జత చేయకండి. నలభై పాటల ప్లేలిస్ట్ పంపితే వాళ్లు వినరు, మీరైనా వినరు.

షోలో కబుర్లు చెప్పేవాళ్లతో గొడవ పడకుండా ముందుకి వెళ్లి నిలబడండి. స్పీకర్ పక్కన ఎవరి కబుర్లూ వినబడవు (చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి, ఇది నిజంగా చెబుతున్నాను). డబ్బులు ఖర్చు పెట్టాలనుంటే ఆ ఓపెనింగ్ బ్యాండ్ టీషర్టులు, రికార్డులు అమ్ముకునే టేబుల్ దగ్గర పెట్టండి.

ఏడాదిన్నర తర్వాత చెల్లికి సారీ చెప్పి రామోన్స్ ఆల్బమ్ పంపాను, ఇయర్‌ఫోన్ సంగతి తప్ప ఇంకేం రాయలేదు. ఆ రాత్రి ఏ స్పందనా లేదు. రెండు రోజులకి ఒక వీడియో వచ్చింది. గిటార్ వినిపించే వైపు ఇయర్‌ఫోన్ మెడ మీద వేలాడుతోంది, రెండోది చెవిలో ఉంది, అవతల బేస్, డ్రమ్స్ నడుస్తుంటే గిటార్ తనే వాయిస్తోంది. స్పీడ్ అందుకోలేక మధ్యలో నవ్వేసింది, కానీ ఆపలేదు. వీడియో కింద ఒక్క లైనే ఉంది: "ఇందులో ఎఫ్ ఎక్కడా జుయ్యిమనలేదు, విన్నావా?"