ప్లానులో ఉన్న కాలనీని బిల్డర్ చేత పూర్తి చేయించుకోవడం ఎలా?

వాడిన నీటిని శుద్ధి చేసి మళ్లీ ఫ్లష్ ట్యాంకులకు పంపిస్తామని, ప్రతి బ్లాకు పైకప్పు మీద సోలార్ పలకలు ఉంటాయని, కార్లన్నీ సెల్లార్‌లోనే ఆగిపోయి పైన ఆవరణంతా పిల్లలకూ పెద్దలకూ మిగులుతుందని చెప్పి అమ్మిన గేటెడ్ కమ్యూనిటీలు హైదరాబాద్ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. వాటిలో సగం బ్లాకులు నిండి, మిగిలినవి పిల్లర్ల దశలో ఆగి, పార్కు ఉండాల్సిన చోట ఇసుక గుట్టలు మిగిలినవీ తక్కువేం లేవు. ఈ వ్యాసం అలాంటి చోట ఇప్పటికే కాపురం ఉంటున్నవారి కోసం. డబ్బు వెనక్కి తీసుకుని వెళ్లిపోదలచినవారి దారి వేరు. ఇక్కడి కోరిక ఒక్కటే: ఏ ప్లాను చూపి అమ్మారో ఆ ప్లాను ప్రకారమే కాలనీ పూర్తి కావాలి.

ఈ మాటను నివాసులందరూ కూర్చుని మొదటే తేల్చుకోవాలి. మా కాలనీలో మొదటి ఏడాదంతా ఎవరికి తోచిన ఉత్తరం వారు రాశాం. ఒకరు లిఫ్టు మోత గురించి, ఒకరు గోడ చెమ్మ గురించి, ఇంకొకరు ఆలస్యానికి వడ్డీ గురించి, నలుగురు క్లబ్‌హౌస్ గురించి రాస్తే, అందరికీ ఒకటే జవాబు వచ్చింది: "మీ అభ్యర్థనను నమోదు చేసుకున్నాం." ఫ్లాటు లోపలి లోపాలను ఒక జాబితాగా, ఉమ్మడి ఆస్తికి సంబంధించిన బాకీని మరొక జాబితాగా విడదీసి, రెండో జాబితాను మాత్రమే అందరి పేరున నడిపించాలని తీర్మానం రాసుకున్న తరువాతే బిల్డర్ ఆఫీసు మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడింది.

ఏ కాగితంలో ఏముందో చూడండి

బ్రోచర్‌తో మొదలుపెట్టకండి. బ్రోచర్ అందంగా ఉంటుంది కానీ, దాని అడుగున "చిత్రాలు ఊహాత్మకం" అనే చిన్న అక్షరాల వాక్యం ఉంటుంది. ముందుగా కావలసింది జీహెచ్‌ఎంసీ లేదా హెచ్‌ఎండీఏ మంజూరు చేసిన ప్లాను, దాని అన్ని షీట్లతో సహా. 2016 నాటి రెరా చట్టం (రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి చట్టం) 19వ సెక్షన్ ప్రకారం ఆ ప్లానును, ఏ దశ ఎప్పటికి పూర్తవుతుందో తెలిపే కాలపట్టికను తెలుసుకునే హక్కు కొనుగోలుదారుకు ఉంది. బిల్డర్ ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో మంజూరు చేసిన కార్యాలయానికి దరఖాస్తు పెట్టాలి. జవాబు ఇవ్వడానికి వారికి 30 రోజుల గడువుంటుంది. నకలు అడగడంతో పాటు ఫైలును స్వయంగా పరిశీలించే అవకాశం కూడా కోరండి. సవరణ ప్లాను కోసం బిల్డర్ దరఖాస్తు చేసుకున్నాడా లేదా అన్నది ఆ ఫైలులోనే బయటపడుతుంది.

రెండోది, ఆ చట్టాన్ని అమలు చేసే రాష్ట్ర అథారిటీ (దాన్నీ రెరా అనే అంటారు) వెబ్‌సైట్‌లో మీ ప్రాజెక్టు పేజీ. అందులో ఉన్న ప్రతి పత్రాన్నీ ఒకే రోజున దించుకుని, తేదీ వేసి భద్రపరచండి. మూడు నెలలకోసారి బిల్డర్ అక్కడ పని పురోగతిని నవీకరించాలి కాబట్టి, "80 శాతం పూర్తి" అని రాసిన చోట వాస్తవంగా ఏముందో చూపే ఫొటో మీ దగ్గర ఉంటే అది గట్టి సాక్ష్యమవుతుంది. తెలంగాణలో 2017 జనవరి 1 తరువాత అనుమతి పొందిన ప్రాజెక్టులే రెరా పరిధిలోకి వస్తాయి. అంతకు ముందువాటికి వినియోగదారుల కమిషన్ దారి పట్టాలి.

మూడోదాన్ని చాలామంది మరచిపోతారు. నిర్మిత విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు, అంతకు మించి ఉన్న ప్రాజెక్టుకు 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి తప్పనిసరి. మురుగునీటి శుద్ధి ప్లాంటు సామర్థ్యం, శుద్ధి చేసిన నీటిని ఎక్కడ వాడాలి, ఇంకుడు గుంతలు, పచ్చదనం వంటివన్నీ ఆ అనుమతి పత్రంలో షరతులుగా ఉంటాయి. ఈ పత్రం కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో దొరుకుతుంది. షరతులు ఎంతవరకు పాటించారో ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి కూడా. కొత్త తరహా కాలనీ అని చెప్పి అమ్మిన ప్రాజెక్టుకు నా దృష్టిలో ఇదే అన్నింటికన్నా విలువైన కాగితం, ఎందుకంటే ప్రకటనలో ఆకర్షణగా కనిపించిన నీటి పునర్వినియోగం ఇందులో షరతుగా మారి ఉంటుంది.

హరిత భవన రేటింగ్ విషయంలో ఒక్క జాగ్రత్త చాలు. నిర్మాణానికి ముందు డిజైన్ చూసి ఇచ్చే ప్రీ-సర్టిఫికేషన్ వేరు, కట్టిన తరువాత ఇచ్చే తుది సర్టిఫికేషన్ వేరు. గేటు దగ్గర పెట్టిన ఫలకం ఏదో అడగండి. ఇవన్నీ చూశాక బ్రోచర్‌ను చేతిలోకి తీసుకోండి. ప్రకటనలో తప్పుడు వివరాలు నమ్మి నష్టపోయినవారికి రెరా చట్టం 12వ సెక్షన్ పరిహారం పొందే హక్కునిస్తుంది కనుక అదీ పనికొచ్చేదే.

టేపు పట్టుకుని తిరగండి

ప్లాను షీట్లను పెద్ద సైజులో ప్రింటు తీయించి, ఇద్దరు ముగ్గురు కలిసి ఒక ఆదివారం ఉదయం కాలనీ అంతా తిరగాలి. ప్లానులో ఏముంది, నేల మీద ఏముంది, తేడా ఎంత అన్న మూడు గడులు సరిపోతాయి. మా ప్లానులో తొమ్మిది ఇంకుడు గుంతలు ఉన్నాయి. నేల మీద తొమ్మిది సిమెంటు మూతలూ కనిపించాయి. మా ఎదురింటి రిటైర్డ్ ఇంజనీరు గారు పారతో ఒక్కొక్క మూతా ఎత్తించారు. నాలుగింటి కింద కంకర, ఇసుక పొరలతో గుంతలు ఉన్నాయి. మిగతా ఐదింటి కింద ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు. ఆ ఐదు ఫొటోలు, చేసిన వాదనలన్నిటికన్నా ఎక్కువ పని చేశాయి.

సంతకం పెట్టే ముందు ఆగండి

రెరా చట్టం నివాసుల చేతికిచ్చిన అసలు ఆయుధం 14వ సెక్షన్. మంజూరైన ప్లానులు, లేఅవుట్, ఉమ్మడి స్థలాల విషయంలో బిల్డర్ ఏ మార్పు చేయాలన్నా, తనను మినహాయించి మిగిలిన కొనుగోలుదారుల్లో కనీసం మూడింట రెండు వంతుల మంది రాతపూర్వక సమ్మతిని ముందుగా తీసుకోవాలి. ఒక వ్యక్తి, లేదా ఒక కుటుంబం, పది ఫ్లాట్లు కొన్నా ఒక్కరిగానే లెక్క. అంటే బంధువుల పేరున ఫ్లాట్లు ఉంచుకుని ఓట్లు పెంచుకోవడం సాగదు.

ఈ సంగతి బిల్డర్‌కు మనకన్నా బాగా తెలుసు కాబట్టి, సమ్మతి పత్రం ఎప్పుడూ సమ్మతి పత్రంలా రాదు. మా దగ్గర దసరాకు ముందు వారం మిఠాయి డబ్బాతో వచ్చింది. కారు పార్కింగ్ కేటాయింపు లేఖ, ఇంటర్నెట్ కనెక్షన్ ఫారం, వాటి మధ్యలో ఒక పేజీ. అందులో పార్కు స్థలాన్ని "భవిష్యత్ దశ అభివృద్ధి" కింద మార్చడానికి అభ్యంతరం లేదని రాసి ఉంది. మూడు చోట్లా సంతకం పెట్టాల్సిన గడి దగ్గర పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టి ఇచ్చారు. రెండు బ్లాకులవారు పెట్టేశారు కూడా. అలా తెలియక సంతకం పెట్టినవారు, ఏ మార్పు గురించో తమకు వివరించలేదని, సమ్మతిని ఉపసంహరించుకుంటున్నామని వెంటనే లేఖ రాసి, ప్రతిని రెరాకు, ప్లాను మంజూరు చేసిన కార్యాలయానికి పంపాలి.

అగ్రిమెంటులో ఎక్కడో ముప్పయ్యో పేజీలో, ప్రమోటర్ (చట్టం భాషలో బిల్డరే) అవసరమనుకున్న మార్పులన్నిటికీ కొనుగోలుదారు ముందే సమ్మతించినట్లు ఒక వాక్యం ఉండవచ్చు. దాన్ని చూసి చేతులెత్తేయనక్కర్లేదు. మహారాష్ట్రలోని ఫ్లాట్ల చట్టం కింద వచ్చిన మధువిహార్ సొసైటీ కేసులో, ఇలా గంపగుత్తగా ముందే రాయించుకున్న సమ్మతి చెల్లదని, ఫలానా మార్పు అని తెలిసి ఇచ్చిందే సమ్మతి అని బొంబాయి హైకోర్టు 2010లో చెప్పింది. ఆ చట్టం వేరైనా ఆ తర్కాన్ని మీ న్యాయవాది ఇక్కడా వినిపించవచ్చు.

అసోసియేషన్, ఉత్తరం

కొనుగోలుదారుల్లో అధిక సంఖ్యాకులు బుక్ చేసుకున్న మూడు నెలల్లోగా సంఘం ఏర్పడేలా చూడడం బిల్డర్ బాధ్యత. అతడే నలుగురిని పిలిచి అడ్‌హాక్ కమిటీ అని పేరు పెడితే దాన్ని సంఘంగా అంగీకరించకండి. జనరల్ బాడీ పెట్టి, ఎన్నిక జరిపి, మినిట్స్ రాసి రిజిస్టర్ చేయించుకోండి; ఏ చట్టం కింద చేయించాలన్నది న్యాయవాదిని అడిగి నిర్ణయించుకోవాలి. ఈలోగా మెయింటెనెన్స్ కట్టడం మాత్రం మానకండి. బాకీదారుగా మారిన నివాసి మాటకు విచారణలో బలం ఉండదు.

ఉత్తరంలో కోపం కన్నా షీటు నంబరు ముఖ్యం. మేము పంపిన వాటిలో జవాబు తెప్పించిన పేరా ఇలా ఉంది: "మంజూరైన ప్లాను 4వ షీటులో సెంట్రల్ పార్కుగా చూపిన స్థలంలో ప్రస్తుతం మీ సేల్స్ ఆఫీసు, నిర్మాణ సామగ్రి ఉన్నాయి. పార్కును ఏ తేదీకి పూర్తి చేసి అప్పగిస్తారో ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా తెలియజేయగలరు. ప్లాను మార్పు కోరుతూ దరఖాస్తు చేసి ఉంటే దాని ప్రతిని, మూడింట రెండు వంతుల సమ్మతి పత్రాలను జతచేయగలరు." స్పీడ్ పోస్టులోనూ ఈమెయిల్‌లోనూ పంపి రసీదులు దాచుకోండి. వాట్సాప్ గ్రూపులో బిల్డర్ మనిషి పెట్టిన బొటనవేలి గుర్తు హామీ కిందికి రాదు.

బిల్డర్‌కు మీ అవసరం ఎక్కడ ఉంటుందో కూడా తెలుసుకోవాలి. భవన నిబంధనల ప్రకారం అనుమతి సమయంలో నిర్మిత విస్తీర్ణంలో 10 శాతం మంజూరు చేసే సంస్థకు తనఖా పెడతారు. భవనంలో కాపురం ఉండవచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) వచ్చాకే అది విడుదలవుతుంది. అందువల్ల మీ తేడాల పట్టిక, ఫొటోలతో సహా, తుది ఓసీ దరఖాస్తుకు ముందే ఆ కార్యాలయం ఫైలులో చేరితే దాని ప్రభావం వేరు. అలాగే ఉమ్మడి ఆస్తి యాజమాన్యం 17వ సెక్షన్ కింద అసోసియేషన్‌కే దఖలు పడాలి. క్లబ్‌హౌస్‌ను తన పేర ఉంచుకుని సభ్యత్వం అమ్ముతానంటే ఆ సెక్షన్‌ను గుర్తు చేయండి.

రెరా గడప ఎక్కితే

తెలంగాణలో అథారిటీకి చేసే ఫిర్యాదు ఫారం 'ఎం'లో ఉంటుంది. అసోసియేషన్ పేరున ఒకే ఫిర్యాదు వేయడానికి 31వ సెక్షన్ వీలు కల్పిస్తుంది. పరిహారం కావాలంటే ఫారం 'ఎన్'లో న్యాయనిర్ణేత అధికారి దగ్గరకు విడిగా వెళ్లాలి; రెండిటినీ ఒకే అర్జీలో కలిపితే వాయిదాలే మిగులుతాయి. అభ్యర్థనలో "న్యాయం చేయాలి" అని రాయకుండా, ఫలానా షీటులోని ఫలానా సదుపాయాన్ని ఫలానా తేదీలోగా పూర్తి చేయాలని 37వ సెక్షన్ కింద ఆదేశించమని అంశాలవారీగా అడగండి. పార్కు స్థలంలో ఇప్పటికే పునాదులు తవ్వుతుంటే, విచారణ ముగిసేదాకా ఆపమని 36వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు కోరాలి. ఉత్తర్వును పాటించని ప్రమోటర్‌కు 63వ సెక్షన్ కింద రోజువారీ జరిమానా పడుతుంది, అది ప్రాజెక్టు అంచనా వ్యయంలో 5 శాతం దాకా పెరగవచ్చు. ఉత్తర్వు నచ్చకపోతే 60 రోజుల్లో అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు.

బిల్డర్ దగ్గర నిజంగానే డబ్బు లేకపోతే ప్రశ్న మారుతుంది. కొనుగోలుదారుల నుంచి వసూలు చేసిన దానిలో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉండాలి, ఇంజనీరు, ఆర్కిటెక్ట్, చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువీకరించాకే తీయాలి. ఆ లెక్కలు తెప్పించమని అథారిటీని కోరండి. ప్రాజెక్టు రెరా రిజిస్ట్రేషన్ గడువు తీరినా, రద్దయినా మిగిలిన పనిని చేపట్టే మొదటి అవకాశాన్ని 8వ సెక్షన్ అసోసియేషన్‌కే ఇస్తుంది. ప్రాజెక్టును వేరే సంస్థకు అప్పగించాలన్నా మళ్లీ మూడింట రెండు వంతుల సమ్మతి, అథారిటీ ఆమోదం కావాలి. నోయిడా, గ్రేటర్ నోయిడాల్లో ఆమ్రపాలి అనే బిల్డర్ సంస్థ ప్రాజెక్టులు ఆగిపోయినప్పుడు సుప్రీంకోర్టు 2019 జులైలో ఆ సంస్థ రెరా రిజిస్ట్రేషన్ రద్దు చేసి, మిగిలిన నిర్మాణాన్ని కేంద్ర ప్రభుత్వ నిర్మాణ సంస్థ ఎన్‌బీసీసీకి అప్పగించింది. కోపంలో దివాలా పిటిషన్ వేస్తామని బెదిరించడం మాత్రం, కాలనీ పూర్తి కావాలనుకునేవారికి తగదని నా అభిప్రాయం. ఆ ప్రక్రియ మొదలైతే పగ్గాలు రుణదాతల కమిటీ చేతిలోకి వెళ్తాయి. మీకూ అందులో చోటుంటుంది కానీ, బ్యాంకుల లెక్కలో మీ పార్కుకు పెద్ద విలువ ఉండదు.

పని జరగడం మొదలయ్యాక ఒక్కొక్క అంశాన్నీ చూసుకుని మరీ స్వీకరించండి. శుద్ధి ప్లాంటుకు కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన నిర్వహణ అనుమతి, రోజువారీ రిజిస్టరు, నీటి పరీక్ష నివేదికలు చేతికి వచ్చాకే హ్యాండోవర్ పత్రం మీద సంతకం చేయాలి. మా ఐదు ఇంకుడు గుంతలను వానాకాలానికి వారం ముందు తవ్వారు. ఇంజనీరు గారు మళ్లీ పార తెప్పించి, మూతలన్నీ ఎత్తించి, టేపు లోపలికి వదిలి లోతు కొలిచి, ఒక దాంట్లో అడుగున్నర తక్కువుందని వెనక్కి పంపారు.