బగ్గీ జారుతోందా? స్ప్రింగుల జోలికి పోకముందు టైరు చూడండి

ఆర్‌సీ పందెంలో, అంటే రిమోట్‌తో నడిపే చిన్న కార్ల పందెంలో, కారు మాట వినకపోతే చాలామంది చేయి ముందుగా స్ప్రింగుల మీదికీ, షాక్ అబ్జార్బర్లలోని నూనె మీదికీ పోతుంది. ఒకప్పుడు నేనూ మూడు వారాలు నూనెలు మారుస్తూ గడిపాను. చివరికి వెనుక టైరును కోసి చూస్తే లోపలి స్పాంజి ఒక పక్క నలిగి అట్టముక్కలా అయిపోయి ఉంది. అప్పటి నుంచి నేను పాటించే వరుస ఒకటే: నేల, రబ్బరు, టైరు మీద పైకి పొడుచుకొచ్చిన గుబ్బలు, స్పాంజి, జిగురు. ఈ ఐదూ సరిగా ఉన్నాయని తేలాకే స్క్రూడ్రైవర్ పట్టుకుంటాను.

కింద చెప్పినవి 1/10 స్కేలు (అసలు బండిలో పదో వంతు సైజు) విద్యుత్ బగ్గీని, అంటే మట్టి ట్రాక్ మీద కూడా పరుగెత్తే కారును, దృష్టిలో పెట్టుకుని రాసినవి. వీటి రిమ్ములు సాధారణంగా 2.2 అంగుళాలవి.

త్రోటిల్ నొక్కగానే వెనుక భాగం తిరిగిపోతోంది

ట్రాక్ నుంచి కారు తీసిన వెంటనే వెనుక టైరు మీద బొటనవేలు పెట్టి రుద్దండి. రబ్బరు చల్లగా, నున్నగా ఉండి, దుమ్ము పొడిపొడిగా రాలితే ఆ టైరు పని చేయనే లేదు. ఆ నేలకు ఆ రబ్బరు మరీ గట్టిది. ఒక మెట్టు మెత్తని కాంపౌండ్‌కు (రబ్బరు మిశ్రమానికి) వెళ్లండి. ప్రొ-లైన్ వారి టైర్లలో ఎం3 మెత్తనిది, ఎం4 ఇంకా మెత్తనిది. జేకాన్సెప్ట్స్‌లో నీలం మెత్తనిది, ఆకుపచ్చ అంతకంటే మెత్తనిది. ఒక కంపెనీ రంగుల లెక్క మరో కంపెనీకి పనికిరాదు కాబట్టి ఏదో ఒక కంపెనీ వరుసను బాగా తెలుసుకోవడం మేలు.

రబ్బరు సరైనదే అయినా గుబ్బలు తప్పు కావచ్చు. గట్టి నేల మీద వదులు దుమ్ము పరుచుకుని ఉంటే, గుబ్బల మధ్య ఖాళీ ఎక్కువ ఉన్న టైరు కావాలి. గుబ్బ ఆ దుమ్మును చీల్చి కింది గట్టి పొరను అందుకోవాలి. తడిసిన మెత్తని మట్టికి పొడవైన, దూరదూరంగా ఉన్న గుబ్బలు నప్పుతాయి. లేకపోతే మట్టి సందుల్లో ఇరుక్కుని టైరు గుండ్రటి ముద్దగా మారుతుంది. టైర్లు తిరిగి తిరిగి నున్నబడి, నల్లటి చార తేలిన బంకమట్టి ట్రాక్ సంగతి పూర్తిగా వేరు. అక్కడ పొడవైన కొత్త గుబ్బలు వంగి ఊగుతాయి, కారు తేలిపోతున్నట్టు ఉంటుంది. పొట్టిగా, దగ్గరగా ఉన్న గుబ్బలే అక్కడ పట్టునిస్తాయి. సగం అరిగిన టైరు కొత్త టైరు కంటే వేగంగా నడిచేది ఇలాంటి చోటే. అందుకే అరిగిన టైర్లను పారేయవద్దు, విడిగా దాచుకోండి.

మొదటి రెండు నిమిషాలు బాగుంది, తర్వాత సబ్బు మీద నడిచినట్టు ఉంది

పైదానికి ఇది పూర్తిగా ఎదురు సమస్య. అయినా రెండిటినీ ‘పట్టు లేదు’ అనే మాటతోనే చెబుతారు కాబట్టి పరిష్కారం తలకిందులవుతుంది. టైరు తాకితే వేడిగా, జిగటగా ఉండి, గుబ్బల అంచులు చిరిగి, రబ్బరు చిన్న చిన్న ఉండలుగా రాలుతుంటే కాంపౌండ్ మరీ మెత్తనిదని అర్థం. ఒక మెట్టు గట్టిది వేయండి. మన దగ్గర వేసవి మధ్యాహ్నం చెప్పుల్లేకుండా కాలు పెట్టలేని నేల మీద, ఉదయం ఏడింటికి గెలిపించిన టైరే ఓడిస్తుంది. తారు మీద నడిపే టూరింగ్ కార్ల వాళ్లకు ఇది బాగా తెలుసు. సోరెక్స్ టైర్ల మీద 24, 28, 32, 36 అనే అంకెలు ఉంటాయి. అంకె పెరిగేకొద్దీ ఆ టైరు ఎక్కువ వేడెక్కిన ట్రాక్‌కు పనికొస్తుంది. అరచేతిలో పట్టే ఉష్ణోగ్రత తుపాకీ ఒకటి కొనుక్కుని, నేల వేడినీ టైరు వేడినీ ప్రతి పరుగుకూ పుస్తకంలో రాసుకోండి. నా టూల్ పెట్టెలో నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పిన వస్తువు అదే.

మలుపులో ముక్కు తిరగడం లేదు

ముందు టైరు బయటి అంచు చూడండి. అది గుండ్రంగా అరిగిపోతే స్టీరింగ్ ఎంత తిప్పినా ముక్కు నేరుగానే పోతుంది. కొత్త ముందు టైర్లు వేస్తే చాలా సార్లు సమస్య అక్కడితో తీరుతుంది. కొందరు వెనుక గట్టి టైరు వేసి, వెనుక పట్టు తగ్గించి, ముందుతో సమానం చేస్తారు. నేను ఆ దారికి ఒప్పుకోను. ఉన్న పట్టును వదులుకోవడం కంటే, లేని చోట పట్టు పెంచడమే సరైన పని.

దూకి దిగినప్పుడు బంతిలా ఎగురుతోంది

ఇది షాక్ అబ్జార్బర్ల లోపంలా కనిపిస్తుంది. కానీ ఆర్‌సీ టైరులో గాలి నింపరు, లోపలి స్పాంజే దాని ఆకారాన్ని నిలబెడుతుంది. టైరు నొక్కుకున్నప్పుడు లోపలి గాలి బయటికి పోవడానికి రంధ్రం ఉండాలి. అది మట్టితోనో జిగురుతోనో మూసుకుపోతే టైరు నిజంగానే బంతి అవుతుంది. రంధ్రం రిమ్ముకు ఉంటే దుమ్ము, నీళ్లు సులువుగా లోపలికి చేరతాయి. అందుకని నేను రిమ్ము రంధ్రాలను మూసేసి, టైరు నడుమన ఎదురెదురుగా రెండు చిన్న రంధ్రాలు చేస్తాను. చక్రం తిరుగుతుంటే నీళ్లు వాటి గుండా బయటికి చిమ్ముతాయి. రంధ్రాలు బాగానే ఉంటే టైరును చుట్టూ వేళ్లతో నొక్కుతూ రండి. ఒకచోట మెత్తగా, ఒకచోట గట్టిగా తగిలితే స్పాంజి చెడిపోయినట్టే. ఓపెన్ సెల్ స్పాంజి (లోపలి గదులు ఒకదానిలోకి ఒకటి తెరుచుకునేది) త్వరగా నలుగుతుంది, నీళ్లు పీలుస్తుంది. క్లోజ్డ్ సెల్ (గదులు విడివిడిగా మూసుకుని ఉండేది) ఖరీదు ఎక్కువైనా ఎక్కువ కాలం ఆకారం నిలుపుకుంటుంది. పందెం కారుకు నేను రెండోదే వాడతాను.

కార్పెట్ మీద మలుపులో పల్టీ కొడుతోంది

ఇక్కడ పట్టు మితిమీరింది. టైరు పక్కగోడ మడత పడి, దాని అంచు కార్పెట్‌ను కొరుకుతోంది. ముందు టైర్ల బయటి పక్కగోడ మీద పలుచని సూపర్ గ్లూ పూత వేసి ఆరనిస్తే అది గట్టిపడి, మడతపడదు. అప్పటికీ తగ్గకపోతే కారు ఎత్తును ఒక్కో మిల్లీమీటరు చొప్పున దించండి. టైరును మెత్తబరిచే ద్రావణం రాసే అలవాటుంటే ముందు టైర్లకు మానేయండి. కొన్ని పోటీల్లో ఆ ద్రావణానికి అనుమతి ఉండదు, నిబంధనలు ముందే చదువుకోండి.

నేరు దారిలో కారు వణుకుతోంది, టైరు నడుమ మాత్రమే అరుగుతోంది

బ్రష్‌లెస్ మోటారు (బ్రష్‌లు లేని, వేగంగా తిరిగే విద్యుత్ మోటారు) వేగానికి టైరు ఉబ్బి, నడుమ సన్నని పట్టీ మాత్రమే నేలను తాకుతోంది. టైరు లోపలి వైపు గాజునార టేపు ఒక చుట్టు అంటించి, కాస్త గట్టి స్పాంజి వేయండి. ఉబ్బు కనిపించకపోయినా వణుకుతుంటే టైరు అంచు రిమ్ము గాడిలో సరిగా కూర్చోలేదన్నమాట.

టైరు రిమ్ము నుంచి ఊడిపోతోంది

చాలాసార్లు తప్పు జిగురుది కాదు, శుభ్రతది. కొత్త టైరు మీద అచ్చు నుంచి విడదీయడానికి వాడిన పదార్థం తాలూకు జిడ్డు మిగిలి ఉంటుంది. టైరు అంచునూ రిమ్ము గాడినీ సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక ఆల్కహాల్‌తో తుడిచి, గాడిని సన్నని గరుకు కాగితంతో తేలికగా రుద్దండి. టైరును గాడిలో కూర్చోబెట్టి, చుట్టూ వెడల్పు రబ్బరు బ్యాండ్ వేయండి. పలుచని సూపర్ గ్లూను ముందు చుట్టూ నాలుగు చోట్ల ఒక్కో చుక్క వేసి, అది పట్టుకున్నాక చుట్టూ పారనివ్వండి. కిటికీ తీసిన గదిలో, కళ్లద్దాలు పెట్టుకుని చేయండి. ఒక పక్క పూర్తిగా ఆరాకే రెండో పక్క మొదలుపెట్టండి. మర్నాడు అంచును బొటనవేలితో వెనక్కి లాగుతూ చుట్టూ తిప్పండి. ఎక్కడ సందు కనిపిస్తే అక్కడ ఒక్క చుక్క చాలు.