వాషింగ్ మెషీన్ మధ్యలో ఆగిపోతే ఏం చేయాలి?

మెషీన్ ఆగిపోగానే కంగారుగా స్టార్ట్ బటన్ నొక్కుతూ పోకండి. ముందు అది ఎక్కడ ఆగిందో చూడండి. నీళ్లు పట్టేటప్పుడా, నీళ్లు బయటికి వదిలేటప్పుడా, స్పిన్ మొదలయ్యే ముందా? సగం జవాబు అక్కడే దొరుకుతుంది. స్క్రీన్ మీద ఎర్రర్ కోడ్ ఉంటే ఫొటో తీసుకోండి. ఒక్కో కంపెనీ కోడ్‌కు ఒక్కో అర్థం ఉంటుంది, కాబట్టి మీ మోడల్ మాన్యువల్‌లోనే వెతకాలి. నానబెట్టే ప్రోగ్రామ్ పెట్టి ఉంటే మాత్రం కాసేపు కదలకుండా ఉండటం మామూలే.

1. స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, ఐదు నిమిషాలాగి మళ్లీ పెట్టండి. చిన్న ఎలక్ట్రానిక్ తికమక అయితే దీంతోనే పోతుంది. మళ్లీ ఆగితే ముందుకు వెళ్లండి.

2. మూత లేదా డోర్ సరిగ్గా పడిందా? డోర్ అంచున రబ్బరులో సాక్సు లాంటి చిన్న బట్ట ఇరుక్కున్నా లాక్ పడదు. లాక్ పడితేనే డ్రమ్ము తిరుగుతుంది.

3. నీళ్లు పట్టే దశలో ఆగితే కుళాయి పూర్తిగా తిప్పి ఉందో లేదో, పైపు మడత పడిందేమో చూడండి. కుళాయి కట్టేసి, మెషీన్ వెనక పైపు విప్పితే లోపల చిన్న జాలీ ఉంటుంది. అందులో ఇసుక, తుప్పు చేరితే నీళ్లు సన్నగా వస్తాయి. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడిగితే చాలు.

4. నీళ్లు లోపలే నిలిచిపోయాయా? ఇక్కడ తొందరపడకండి. మెషీన్ ఆగడానికి ఎక్కువసార్లు కారణం ఇలా నీళ్లు బయటికి పోకపోవడమే. ముందు డ్రైన్ పైపు నలిగిందేమో చూడండి. తర్వాత డ్రైన్ ఫిల్టర్. ఫ్రంట్ లోడ్ మెషీన్లలో చాలావాటికి ఇది ముందువైపు కింద చిన్న మూత వెనక ఉంటుంది. ప్లగ్ తీసేయండి. వేడినీళ్ల ప్రోగ్రామ్ అయితే నీళ్లు చల్లారే దాకా ఆగండి, చేతులు కాలుతాయి. కింద వెడల్పాటి పళ్లెం, పాత తువ్వాలు పెట్టి ఫిల్టర్‌ను ఎడమవైపుకు మెల్లగా తిప్పండి. నీళ్లు బుడబుడా వస్తే మళ్లీ బిగించి, పళ్లెం పారబోసి, మళ్లీ తిప్పండి. నూలు పీచు, వెంట్రుకలు, నాణేలు, పిన్నులు దొరుకుతాయి. ఫిల్టర్ తీసిన గూట్లోకి టార్చి వేసి చూస్తే పంపు రెక్క కనిపిస్తుంది. దానికి దారం చుట్టుకుని ఉంటే తీసేయండి. తిరిగి గట్టిగా బిగించడం మరవద్దు, లేకపోతే గదంతా నీళ్లే.

5. స్పిన్ ముందు ఆగితే బట్టలు ఒకవైపు ముద్దగా చేరి ఉంటాయి. విడదీసి సర్దండి. దుప్పటి ఒక్కటే వేశారా? తోడుగా రెండు తువ్వాళ్లు వేయండి. నురగ మరీ ఎక్కువైనా స్పిన్ ఆగుతుంది, అప్పుడు పౌడర్ తగ్గించండి.

కాలిన వాసన వచ్చినా, ఆన్ చేయగానే ఇంటి కరెంటు ట్రిప్ అవుతున్నా, మెషీన్ ముట్టుకుంటే షాక్ కొట్టినా మీరు విప్పకండి. ప్లగ్‌ను ముట్టుకోకుండా ముందు మెయిన్ స్విచ్ ఆపి, మెకానిక్‌ను పిలవండి. తీసిన ఫొటో చూపించి, ఏ దశలో ఆగిందో చెప్పండి.