పుస్తకం లేని పాత కుట్టు మిషన్ కొన్నారా? ఇలా మొదలుపెట్టండి

ఎవరో అమ్మేస్తుంటే తొక్కుడు మిషన్ చవగ్గా వచ్చింది, వాడే విధానం రాసిన పుస్తకం లేదు, ఇంట్లో నేర్పేవాళ్ళూ లేరు. ఏం పర్వాలేదు. మన దగ్గర చేతులు మారే నల్ల మిషన్లు, ఉషా అయినా మెరిట్ అయినా సింగర్ అయినా, పనిచేసే పద్ధతి దాదాపు ఒకటే. ఒక్క మాట మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి: కుట్టు సరిగ్గా పడలేదని వెంటనే స్క్రూలు తిప్పేయకండి. తప్పు ఎక్కువగా దారం ఎక్కించడంలోనో సూదిలోనో ఉంటుంది.

ముందు దారం లేకుండా మిషన్ కుడి పక్కనున్న చిన్న చక్రాన్ని చేత్తో మీ వైపుకి తిప్పండి. బిగుసుకుపోయి ఉంటే బలం పెట్టకండి. సూది కింద ఉన్న ప్లేటు స్క్రూలు రెండూ తీసి, గుడ్డని జరిపే పళ్ళ మధ్య పేరుకున్న దూదిని పాత బ్రష్‌తో లాగేయండి, బాబిన్ (కిందిదారం చుట్టే చిన్న రీలు) పెట్టే కేసు కూర్చునే చోట ఇరుక్కున్న దారం ముక్కలు తీయండి. (ఏది విప్పినా ముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి, తర్వాత దండం పెట్టుకుంటారు.) పైన కనిపించే ప్రతి చిన్న రంధ్రంలో, ఇనుము ఇనుముతో రాసుకునే ప్రతి చోటా ఒక్కో చుక్క మిషన్ ఆయిల్ వేసి రాత్రంతా వదిలేయండి. కొబ్బరినూనె, వంటనూనె వేస్తే కొన్నాళ్ళకి జిగురై మళ్ళీ పట్టేస్తుంది.

తర్వాత తొక్కడం. దారం వద్దు, గుడ్డా వద్దు, ఫుట్ (గుడ్డని నొక్కి పట్టే పాదం) పైకి లేపి ఉంచండి. చేత్తో చక్రాన్ని మీ వైపుకి ఒక్క తోపు తోసి, మునివేళ్ళూ మడమా మార్చి మార్చి నొక్కండి. మొదట్లో చక్రం వెనక్కి తిరిగిపోతూ ఉంటుంది, దారం ఉన్నప్పుడు అలా తిరిగితే కింద చిక్కుముడే. కాలికి అలవాటయ్యాక గీతల నోట్‌బుక్ కాగితం పెట్టి, ఫుట్ దించి, దారం లేని సూదితో గీత మీదే పొడుచుకుంటూ వెళ్ళండి, మూలల దగ్గర సూది కాగితంలోనే ఉంచి ఫుట్ లేపి తిప్పండి. కాగితం మొద్దు చేసిన ఆ సూదిని పారేసి కొత్తది పెట్టాలి, మామూలు నూలు గుడ్డకి 14 నంబరు, జీన్స్‌కి 16 లేదా 18, పల్చటి వాటికి 11.

సూది ఏ వైపు తిప్పి పెట్టాలన్నదే అందరూ తికమకపడే చోటు. సూదికి ఒక పక్క పొడుగాటి గాడి ఉంటుంది, కాండం పైభాగం ఇంకో పక్క చదునుగా ఉంటుంది. సూదికి కాస్త పైన దారం పట్టుకునే చివరి కొక్కెం ఏ పక్క ఉందో చూడండి: గాడి ఆ పక్కకి, చదును దాని ఎదురుపక్కకి. దారం కూడా గాడి ఉన్న వైపు నుంచే కన్నంలోకి దూర్చాలి.

బాబిన్ చుట్టేటప్పుడు చిన్న చక్రం మధ్యలో ఉన్న గుండ్రటి బిరడా వదులు చేస్తే సూది ఆడదు, చుట్టాక మళ్ళీ బిగించడం మరచిపోతే మిషన్ చెడిపోయిందనుకుంటారు. బాబిన్‌ని కేసులో పెట్టి దారాన్ని చీలికలోంచి లాగి, పైనున్న రేకు కిందకి తేవాలి. దారం పట్టుకుని కేసుని వేలాడదీయండి: తనంతట తను జారకూడదు, చిన్నగా కుదిపితే కొద్దిగా దిగాలి.

ఇక పైదారం. ఫుట్ పైకి లేపి ఉంచి, రీలు నుంచి పై కొక్కేనికి, అక్కణ్ణుంచి టెన్షన్ బిళ్ళల (దారాన్ని బిగువుగా పట్టి ఉంచే రెండు గుండ్రటి రేకుల) మధ్యకి, అక్కడున్న సన్న స్ప్రింగు తీగకి తగిలించి, పైకీ కిందకీ ఆడే చేతి కన్నంలోంచి, మళ్ళీ కిందకి సూది దాకా. పైదారం కొస వదులుగా పట్టుకుని చక్రం ఒక్క చుట్టు తిప్పితే కిందిదారం ఉచ్చులా పైకి వస్తుంది. రెండు కొసలనీ ఫుట్ కిందనుంచి వెనక్కి లాగి, గుడ్డ పెట్టి ఫుట్ దించి, మొదటి రెండు మూడు కుట్లు పడేదాకా పట్టుకోండి. ఆపినప్పుడల్లా ఆ ఆడే చేయి పైనే ఉండాలి, లేకపోతే మళ్ళీ మొదలుపెట్టగానే దారం సూదిలోంచి ఊడుతుంది.

పైన ఒక రంగు, కింద ఒక రంగు దారం పెట్టి పాత చీర ముక్క మీద కుట్టి చూడండి. అడుగున గూడులా పోగుపడితే బాబిన్ మీద అనుమానపడకండి, పైదారం బిళ్ళల మధ్యలో కూర్చోలేదన్నమాట, మొత్తం తీసి మళ్ళీ ఎక్కించండి. కిందిదారం పైకి చుక్కల్లా కనిపిస్తే పైదారం టెన్షన్ కొద్దిగా వదులు చేయాలి, కిందిదారం అడుగున తాడులా తిన్నగా పడుంటే కొద్దిగా బిగించాలి, ఏదైనా పావు తిప్పు చొప్పున. కొత్త సూది సరిగ్గా పెట్టి, దారం మళ్ళీ ఎక్కించాక కూడా కుట్లు తప్పుతుంటే సూదీ, కింద దాని దారాన్ని అందుకునే లోపలి కొక్కెమూ కలిసే సమయం తప్పిందేమో, అది మెకానిక్‌కి వదిలేయండి.