యాంటిలోప్ కాన్యన్‌లో కెమెరా తీసే ముందు

యాంటిలోప్ కాన్యన్ అంటే అమెరికాలోని ఇరుకైన రాతి లోయ. అన్నిటికన్నా ముందు వాన సంగతి. నెత్తిన ఎండ కాస్తోంది కదా అని ధైర్యపడకండి. 1997 ఆగస్టు 12న వాన ఎక్కడో మైళ్ల దూరంలో కురిసింది. ఆ వరద దిగువ కాన్యన్‌లోకి దూసుకొచ్చి 11 మంది ప్రాణాలు తీసింది. గైడు బయటికి పదండంటే ఫొటో సగంలో ఉన్నా వదిలేసి కదలండి.

– ఇది అరిజోనా రాష్ట్రంలో నవాజోలనే ఆదివాసుల నేల. గైడు లేనిదే లోపలికి పంపరు, ముందే బుక్ చేసుకోండి.

– మామూలు టూర్లలో ట్రైపాడ్‌కు అనుమతి లేదు. ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచుకోండి.

– వైడ్ లెన్స్ బయటే బిగించండి. పైనుంచి సన్నటి ఇసుక రాలుతూనే ఉంటుంది. లోపల లెన్స్ మార్చారా, సెన్సర్ నిండా దుమ్మే.

– ఆకాశం ఫ్రేములో పడితే తెల్లగా మాడిపోతుంది, తప్పించండి.

– వేసవిలో ఫోన్ గడియారాన్ని నమ్మొద్దు. నవాజో సమయానికీ పక్కనే ఉన్న పేజ్ పట్టణ సమయానికీ గంట తేడా.